లెనోర్ తన ఇల్లే సర్దినప్పుడు

పామ్ స్ప్రింగ్స్‌లో నారింజ రంగు వీధితలుపు ఎక్కడ కనిపించినా అది నా చేతి పనే. ఆ తలుపు చూసి కారు ఆపని మనిషి లేడు. ఒకాయన చూస్తూ చూస్తూ కారుని నేరుగా పక్కింటి ఈతకొలనులోకి నడిపాడు. తడిబట్టలతోనే గట్టెక్కి వచ్చి ఆ ఇల్లు కొన్నాడు.

సరే, కొలను అబద్ధం. తలుపులు కూడా నావి కావు. అమ్మకానికొచ్చిన ఇళ్ళని కొనేవాళ్ళ కంటికి ఇంపుగా సర్దేది లెనోర్, రంగు ఎంచేది లెనోర్, వేసేది లెనోర్. నేను నిచ్చెన పట్టుకుని కబుర్లు చెప్పేవాణ్ణి, అందుకు కూలీ పుచ్చుకునేవాణ్ణి. ఆమెకు అదీ లేదు. ఇళ్ళు అమ్మిపెట్టే గోర్డన్‌కి ఆమె భార్య. భార్యకి కూలేమిటి?

"తనకిదంతా సరదా, యూసేబియో. ఇంట్లో కూచుంటే తోచదు," అనేవాడు గోర్డన్. అతని తల్లి ఇంకో అడుగు ముందుకేసి, "ఆడుకోడానికి నా కొడుకు నీకు ఊరినిండా బొమ్మరిళ్ళిచ్చాడమ్మాయ్," అనేది.

ఆ శుక్రవారం మాత్రం లెనోర్ తలుపుకి సగం రంగు వేసి కుంచె పక్కన పెట్టేసింది. ఈసారి అమ్మకానికి పెట్టింది వాళ్ళ ఇల్లే. గోల్ఫ్ మైదానం పక్కన ఏదో అపార్ట్‌మెంట్ గోర్డన్‌కి నచ్చింది. "ఇల్లు అమ్మేద్దాం హనీ. నువ్వు సర్దితే వారం కూడా పట్టదు," అన్నాడట భోజనం చేస్తూ. అడగలేదు, చెప్పాడు. పైగా మెచ్చుకోలులో చుట్టి చెప్పాడు గనక, కోపం ఎక్కడ తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు.

యాభైల్లో కట్టిన ఇల్లు. కిందికి వంగిన కప్పు, నేల నుంచి పైదాకా గాజుగోడ, బయట కొలను, కొలను వెనక కొండలు. తెల్లగోడ మీద పెద్ద బొమ్మ ఒక్కటే ఉండాలని, ఆ బొమ్మలోని నీలం కొలను నీలాన్ని లోపలికి పిలవాలని, సోఫా మీద ఆవపిండి రంగు దిండు ఒకటి చాలని, అప్పుడు వచ్చినవాళ్ళ చూపు గాజు దాటి కొండల మీదికి పోయి అక్కడే ఆగిపోతుందని ఆమె చేతులకు తెలుసు. చూపు ఆగితే మనిషి కొంటాడు. అంటే ఎంత బాగా సర్దితే అంత తొందరగా తన ఇల్లు పోతుంది. పోనీ చెడగొడదామా అనుకుంది. గోడకి వెలిసిన గులాబీ రంగు పూస్తే వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. డబ్బా మూత కూడా తీసిందట. చేతులు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళకి తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ చేతుల పనే, దాన్నీ పాడుచేసుకుంటే ఇక తనకంటూ ఏముంటుంది? అలాగని బాగా చేస్తే ఇల్లుండదు. మూత మళ్ళీ బిగించి, ఆ డబ్బా మీదే కూలబడింది.

గోర్డన్ వచ్చి ఆఖరి మాట చెప్పిపోయాడు. "ఇంట్లో ఎవరుంటున్నారో తెలియకూడదు, హనీ. అది మర్చిపోకు. నీ చెత్తంతా గ్యారేజీలో పెట్టించు. నా తోలుకుర్చీ ఉండనీ, హుందాగా ఉంటుంది."

ఆమె కుట్టుమిషను, ఫోటోలు, రంగురంగుల కప్పులు నేనే మోశాను. తిరిగొచ్చేసరికి లెనోర్ ఆ కుర్చీ ముందు నిలబడి ఉంది.

"ఎవరుంటున్నారో తెలియకూడదన్నాడు కదా?" అంది.

"అన్నాడమ్మా. నా చెవులతో విన్నాను."

"అయితే నువ్వటు పట్టు."

కుర్చీ గ్యారేజీలోకి పోయింది. దాని వెనకే గోర్డన్ గోల్ఫ్‌లో గెలిచిన కప్పులు, అత్తగారి పటం, గోడంత టీవీ పోయాయి. గది విప్పారింది. కుర్చీ ఉన్నచోట నేల మీద ఎండ పరుచుకుంది. లెనోర్ ఆ ఎండలో కూచుని చాలాసేపు లేవలేదు.

"ఇక్కడిదాకా ఎండ వస్తుందని నాకు తెలీదు, యూసేబియో," అంది.

ఆదివారం జనం వచ్చారు. లెనోర్ వంటింట్లో గిన్నెలో పేర్చిన నిమ్మపళ్ళనే తీసి మళ్ళీ పేరుస్తోంది. ఒక పడుచుజంట ఎండ పడేచోట ఉయ్యాల పడుతుందా అని బారలేసి చూసుకుంటున్నారు. ఆ అమ్మాయి వంటింట్లోకి తొంగి చూసి, "ఇక్కడెవరు ఉంటారండీ?" అని అడిగింది.

"ఇంకా తేలలేదు," అంది లెనోర్.

అంతలో గోర్డన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "హనీ, ఆ జంట కొంటామని ఇవాళే మాట ఇస్తారట."

లెనోర్ నిమ్మపండు కింద పెట్టి బయటికి నడిచి తలుపు మూసింది. మళ్ళీ తీసుకుని, ఇల్లు చూడవచ్చిన మనిషిలాగే లోపలికి వచ్చింది. బొమ్మ చూసింది, కొండలు చూసింది, వచ్చి ఎండలో నిలబడింది.

"ఈ ఇల్లు నాకు నచ్చింది, గోర్డన్. నేనే తీసుకుంటాను. చట్టప్రకారం సగం ఎలాగూ నాదే, మిగతా సగం సంగతి మాట్లాడుకుందాం. ఆ అపార్ట్‌మెంట్‌కి నువ్వెళ్ళు."

గోర్డన్ తల దించుకుని, నోట మాట లేకుండా నిలబడిపోయాడు.

ఈ చివరి వాక్యం నేను కల్పించింది. కథకి అందంగా ఉంటుందని వేశాను. అతను తలా దించుకోలేదు, నోరూ మూసుకోలేదు. నిజంగానే కంగారుపడిపోయి, "మరి గురువారం అమ్మకానికి పెట్టే ఆ ఇంకో ఇల్లు ఎవరు సర్దుతారు?" అని అడిగాడు.