అఖండ దీపానికి కెమెరా

నవరాత్రులకి మా ఆవిడ సీతామహాలక్ష్మి అఖండ దీపం పెడుతుంది. తొమ్మిది రోజులూ అది ఆరకూడదు. అందుకని మా అమీర్‌పేట ఫ్లాట్లో ఆ రోజులంతా ఫ్యాను తిరగదు, కిటికీ తెరుచుకోదు, ఆవిడ గడప దాటదు. వత్తి ఎగదోయడం, నూనె పోయడం అన్నీ ఆవిడే. పాలగిన్నె ముందు నిలబెడితే పాలు పొంగబెట్టే మనిషిని దీపం ముందు కూర్చోబెడతానా అంటుంది. బేగంపేట ఆఫీసులో నా కింద బోలెడుమంది పనిచేస్తారు. ఇంట్లో నూనె సీసా కూడా నా చేతికి ఇవ్వరు.

ఈసారి దీపం మా అమ్మాయి హైందవి కాన్పు సుఖంగా జరగాలన్న మొక్కుతో పెట్టింది. తీరా నవరాత్రుల మధ్యలోనే, చెప్పిన తేదీకి ముందే, పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. పంజాగుట్టలో ఆసుపత్రిలో చేర్చారు. అల్లుడు కేదార్ పక్కనే ఉన్నాడు. అయినా తొలి కాన్పు కదా, "అమ్మా, నువ్వు రావా?" అని ఫోన్లో ఒకటే ఏడుపు. ఇంట్లో ఎవరైనా దీపం చూసుకుంటే చాలు, గడప దాటినా దోషం లేదు, వెళ్ళిరమ్మని పంతులుగారు చెప్పారు. కానీ ఆరిపోతే పిల్లకి ఏమవుతుందోనని ఈవిడ భయం. వెళ్ళలేక, ఉండలేక గుమ్మంలో నిలబడిపోయింది.

"నేను చూసుకుంటాను, వెళ్ళవే" అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు. నాకూ ఒళ్ళు మండింది.

"అంత నమ్మకం లేకపోతే కెమెరా పెట్టుకో! అక్కడ కూర్చుని ఫోన్లో చూసుకో!"

"అయితే వెంటనే పెట్టించండి" అంది, ఏదో వరం దొరికినట్టు.

మా సందు చివర కెమెరాల దుకాణం నడిపే నరేశ్ వచ్చాడు. దీపానికి ఎదురుగా అలమరలో కెమెరా పెట్టాడు, మా ఇంటి వైఫైకి కలిపాడు, ఇద్దరి ఫోన్లలోనూ యాప్ వేశాడు. ఆవిడ ఫోన్లో దీపం చక్కగా వెలిగింది. ఫోన్ని కళ్ళకద్దుకుని, నాకు నూరు జాగ్రత్తలు చెప్పి, మెట్రో ఎక్కింది.

ఆసుపత్రికి చేరీ చేరగానే ఫోను.

"ఏవండీ! ఫోనంతా నల్లగా ఉంది. దీపం ఆర్పేశారా?"

"ఆరలేదే! నా ఎదురుగా నిక్షేపంగా వెలుగుతోంది."

"మరి ఇక్కడ ఏంటిలా ఉంది? నాతో అబద్ధాలాడకండి. నేను వచ్చేస్తున్నా."

వెనకాల హైందవి మూలుగు వినిపించింది. ఈవిడ ఇప్పుడు వెనక్కి వస్తే, ఆ పిల్ల తల్లి లేకుండానే కాన్పు గదిలోకి వెళ్ళాలి. నరేశ్‌కి ఫోన్ చేసి తిట్టినంత పని చేశాను.

"అయ్యో, సారీ అంకుల్! ఇంట్ల మీ వైఫై మీద చూసినం కదా, గందుకే మంచిగ వచ్చింది. బయటికెల్లి చూడాలంటే ఇంకో సెట్టింగ్ ఉంటది. అది ఆన్ చేసుడు మర్చిపోయిన."

"వచ్చి చెయ్యి నాయనా!"

"బంజారాహిల్స్‌ల పని మీదున్న. గీ ట్రాఫిక్‌ల నేనొచ్చేసరికి మీ మనవడు పుట్టి నడుస్తడు. ఫికర్ చేయకుండ్రి, ఫోన్లనే చెప్తా. అమ్మను సుత లైన్ల కలపుండ్రి."

ముగ్గురం లైన్లో కలిశాం. అతను చెప్పినచోటల్లా నా ఫోన్లో నొక్కాను. తర్వాత కెమెరా అడుగున ఉన్న స్టిక్కర్ మీద కోడ్ చదవమన్నాడు. చీమ తలకాయంత అక్షరాలు. కెమెరా కిందికి దించి, దీపం పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను. అక్కడ ఆవిడ వాటిని తన ఫోన్లో కొడుతోంది. చదవడం అయ్యాక కెమెరాని ఎదురుగా పీట మీద పెట్టాను.

"అమ్మా, ఇప్పుడు చూడుండ్రి" అన్నాడు నరేశ్.

"కనిపించిందా?" అన్నాను.

"కనిపించింది" అంది మెల్లగా. "మీరు కనిపిస్తున్నారు."

అప్పుడు చూసుకున్నాను. కెమెరా ముఖం నావైపు ఉంది. చొక్కా లేకుండా, చెమట కారుతూ, ముక్కు చివర కళ్ళజోడుతో, నూనె సీసాని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపు సందులోంచి గాలి వస్తుందేమోనని ఒక చేత్తో కండువా అడ్డం పట్టుకున్నాను.

"ఉండు, దీపం వైపు తిప్పుతా."

"వద్దు, తిప్పకండి."

"మరి దీపం కనపడదుగా?"

"మీ మొహం మీద వెలుగు కదులుతోంది. అది చాలు నాకు. పిల్లని లోపలికి తీసుకెళుతున్నారు, నేనూ వెళుతున్నా."

ఫోన్ పెట్టేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఒక పని నాకు వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళడం అదే మొదలు. నాకు గర్వంగా ఉంది, అంతకు మించి భయంగా ఉంది. మంచినీళ్ళకి కూడా లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కినా వత్తి మీంచి చూపు తిప్పలేదు. నూనె పోసినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను.

చీకటి పడుతుండగా పీట మీది కెమెరా మాట్లాడింది. ఆ డబ్బాకి మాటలు వచ్చని అప్పుడే తెలిసింది నాకు.

"ఏవండీ! ఆడపిల్ల! ఇద్దరూ క్షేమంగా ఉన్నారు."

కండువాలో మొహం దాచుకుని భోరుమన్నాను.

"కండువా తీయండి" అంది ఆవిడ. "దీపం కోసం కాదు. మిమ్మల్ని చూడాలని ఉంది."