మూతిగుడ్డ కట్టుకున్న నీడ

పొద్దున్నే అంగన్‌వాడీ తాళం తీసి, గుడ్లు పొయ్యి మీద పెట్టించి, దేవకుమారి పిల్లల్ని బయటికి తెచ్చి ఎండ పడే గోడ ముందు నిలబెడుతుంది. పాతికేళ్ళుగా అదే వరస. పిల్లల్ని చూసేది తర్వాత. ముందు వాళ్ళ నీడల్ని చూస్తుంది.

ఆ ఊళ్ళో ఐదేళ్ళలోపు పిల్లల నీడలు పిల్లలకంటే పదిరోజులు ముందుంటాయి. పిల్ల బోర్లా పడకముందే నీడ బోర్లా పడుతుంది. బుల్లయ్య మనవడు ఇంకా మంచంకోడు పట్టుకుని ఊగుతుండగానే వాడి నీడ వాకిలి దాటి వీధిలోకి పోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "మీవాడి నీడ లేచిందా?" అని అడుగుతారు, "మీ వీధిలో కరెంటుందా?" అని అడిగినట్టే. ఐదేళ్ళు నిండాక నీడ పిల్లల కోసం ఆగుతుంది. ఆ పైన ఇద్దరూ కలిసే బడికి పోతారు. పైనుంచి వచ్చే రిజిస్టర్లో బరువుకీ ఎత్తుకీ గళ్ళున్నాయి గానీ నీడకి లేదు. దేవకుమారి దాన్ని రిమార్కుల్లో రాస్తుంది. సూపర్‌వైజర్ ఎప్పుడూ కాదనలేదు. ఆవిడదీ పక్క ఊరే.

ఆ గురువారం బరువులు తూచే రోజు. సువార్త కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పిల్ల పేరు ఆరాధన. మూడేళ్ళు నిండడానికి ఇంకా ఇరవై రోజులుంది. పదకొండున్నర కిలోలు తూగింది. కళ్ళు చురుగ్గా ఉన్నాయి. దేవకుమారి చేతిలో పెన్సిల్ లాక్కుని మళ్ళీ తనే ఇచ్చింది. మాట మాత్రం లేదు.

"ఒక్కటన్నా? అమ్మా అని?"

"లేదు టీచర్ గారూ. గుంటూరులో చూపించాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు." సువార్త నేల చూస్తూ చెప్పింది. "వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం గుంటూరులో దింపుతాడంట వాళ్ళ నాన్న. మూగపిల్లల హాస్టలంట. సీటు దొరికింది."

"మూడేళ్ళ పిల్లని హాస్టల్లోనా? నీడ ఏమంటోంది?"

"నీడెక్కడ టీచర్ గారూ! పొద్దు పొడవకముందే ఆటో ఎక్కుతాం, పొద్దు గూకాక దిగుతాం. పగలంతా రేకుల షెడ్డే."

షెడ్డు సంగతి దేవకుమారికి తెలుసు. సత్తెనపల్లి రోడ్డు మీద మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు. యాభైమంది ఆడవాళ్ళు ఎర్రటి గుట్టల చుట్టూ కూర్చుని తొడిమ తుంచుతారు, రంగు పోయిన తాలుకాయ పక్కకి వేస్తారు. ఏడో నెల నుంచీ ఆరాధన ఆ గుట్టల పక్కనే పెరిగింది.

"ఇప్పుడు గోడ మీద ఎండ పోయింది. రేపు పొద్దున్నే తీసుకురా, గోడ దగ్గరికి. పనికి ఓ గంట ఆలస్యంగా వెళ్తే కాయలేమీ పారిపోవు."

శుక్రవారం ఎండ ఎక్కగానే ఆరాధనని గోడ ముందు నిలబెట్టారు. పిల్ల బొటనవేలు చీకుతూ నిలబడింది. నీడ మాత్రం రెండు చేతులూ పైకెత్తింది. ఒక గుడ్డ ముక్కుమీదుగా తెచ్చి వెనక ముడేసింది. చతికిలబడి, గోడ మీద ఏదో అందుకుని, పుటుక్కున తుంచి పక్కన పడేసింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ తుంచింది.

ఆయా రుక్సానా గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఇదేంది మేడమ్, పిల్లకంటే ముందు నీడ కూలికి పోతోంది!"

సువార్త నవ్వబోయి ఆగిపోయింది. దేవకుమారి నవ్వలేదు.

"షెడ్లో మాట్లాడుకుంటారా మీరు?"

"నోరు తెరిస్తే ఘాటు గొంతులోకి పోతుంది కదండీ. దగ్గలేక చస్తాం. మూతులకి గుడ్డలు కట్టుకుని కళ్ళతోనే కానిచ్చేస్తాం. ఇంటికొచ్చినా నోరు తెరవబుద్ధి కాదు. ఆయనదీ అంతే, పత్తి జిన్నింగ్ మిల్లులో ఆ మోతకి మాట్లాడటం మానేశాడు."

"ఇంకేం! మనుషులకి నోరుంటుందని దానికి ఎవరు చూపించారు?" దేవకుమారి గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. సువార్త మొహం చూసి తగ్గించింది. "తప్పు నీది కాదులే. కూలి కూలే. రేపట్నించి షెడ్డుకి తీసుకుపోకు, ఇక్కడ దింపు."

"మూడేళ్ళు నిండాలంటారుగా?"

"ఆ ఇరవై రోజుల సంగతి నేను చూసుకుంటా. నువ్వు చేయాల్సిందొకటే. పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసేటప్పుడు దాని ఎదురుగా కూర్చుని మాట్లాడు. నీ మూతి దానికి కనపడాలి."

"దానికేం తెలుసని ఏం మాట్లాడను?"

"నీళ్ళు అను. చెంబు అను. వేడిగా ఉంటే వేడి అను. నీకు అవధానం చేయమని చెప్పట్లేదు."

మర్నాటి నుంచీ ఆరాధన సెంటర్లో కూర్చుంది. మిగతా పిల్లలు అరుస్తుంటే వాళ్ళ మూతులకేసి చూసేది, తెరుచుకుని మూసుకునే తలుపుల్ని చూసినట్టు. రుక్సానా పప్పు కడుగుతూ, గుడ్డు ఒలుస్తూ, బియ్యంలో రాయి తగిలితే తిడుతూ, దాంతో వాగుతూనే ఉండేది. ఇంటి దగ్గర సువార్త మొదటి రెండు రోజులూ "నీళ్ళు, చెంబు" అని సిగ్గుపడుతూ అంది. మూడో రోజుకి మాట నీళ్ళ మీద నుంచి షెడ్డు మేస్త్రీ మీదికి పోయింది. ఆరాధన తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఊపిరి తగిలితే తీసి, మళ్ళీ పెట్టింది.

గోడ మీద మాత్రం మార్పు లేదు. రోజూ అదే గుడ్డ, అదే ముడి. మరుసటి శనివారం కూడా దేవకుమారి రిమార్కుల్లో "అలాగే ఉంది" అని రాసింది. ఇది పాతికేళ్ళలో తను ఓడిపోయే పిల్ల అవుతుందేమో అనుకుంది. అనుకుని, గుడ్ల డేగిసా తోమించింది.

హాస్టలుకి పోవాల్సిన ఆ సోమవారం తొమ్మిదింటికి ఖాదర్ వలి ఆటో వచ్చి ఆగింది. పిల్ల తండ్రి ఎలీషా దిగాడు. వెనక సీట్లో చిన్న బ్యాగు, దాని పక్కన సువార్త. ఏడ్చేసిన మొహం.

లోపల రుక్సానా గోంగూర ఒలుస్తోంది. ఆమె పక్కన ఆరాధన. ఎప్పుడు అందుకుందో, చేతులు తుడుచుకునే గుడ్డ మూతికి చుట్టుకుంది. వెనక ముడి కూడా వేసుకుంది. మాటా పలుకూ లేకుండా కాడ నుంచి ఆకు తుంచుతోంది.

ఎలీషా గుమ్మంలోనే నిలబడిపోయాడు. "చూశారుగా టీచర్ గారూ. ఇంకా ఉంచమంటారా? మా తమ్ముడు మార్కూ మూగే. వాణ్ణి ఇంట్లోనే ఉంచుకుని పాడుచేశాం. ముప్పై ఏళ్ళొచ్చాయి, గేదెలు తప్ప వాడికి లోకం తెలీదు. నా కూతురన్నా చేతులతో మాట్లాడటం నేర్చుకోనీయండి."

"ఆ మాట తప్పని నేనన్నానా?" అంది దేవకుమారి. "మార్కు నీడ నువ్వు చూశావా చిన్నప్పుడు?"

"చూశా. చేతులే ఆడేవి. మూతి ఎప్పుడూ కదల్లేదు."

"మరి దీన్నీ చూడు. నువ్విక్కడ చూస్తున్నది పదిరోజుల కిందటి సంగతయ్యా. ఈ గుడ్డ మొన్న శుక్రవారం కాదు, ఆ ముందు శుక్రవారమే గోడ మీద కట్టుకుంది. గోడ మీద మూతి కదలకపోతే నేనే మీతో ఆటో ఎక్కి వస్తా."

పిల్లని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. మూతికి గుడ్డతోనే ఆరాధన గోడ ముందు నిలబడింది. ఆటో ఇంజను ఆపాడు ఖాదర్ వలి. కాసేపు నీడ ఊరికే ఉంది. ఎలీషా బ్యాగు కోసం వెనక్కి తిరగబోయాడు.

"ఉండవయ్యా!" అంది రుక్సానా.

నీడ చేతులు వెనక్కి పోయాయి. ముడి బిగుసుకున్నట్టుంది, కాస్త పెనుగులాడింది. గుడ్డ ఊడివచ్చింది. షెడ్డు నుంచి బయటికొచ్చే ఆడవాళ్ళలాగే దాన్ని రెండుసార్లు దులిపింది. తర్వాత పక్కకి తిరిగింది. గోడ మీద చిన్న ముక్కు, కింద చిన్న పెదాలు స్పష్టంగా పడ్డాయి. పెదాలు విడిపోయాయి. మూసుకున్నాయి. మళ్ళీ విడిపోయాయి. ఇక ఆగలేదు.

ఎలీషా గోడ దగ్గరికి వెళ్ళి, సున్నం మీద వేలు పెట్టి చూశాడు. వేలి పక్కనే పెదాలు కదులుతున్నాయి.

"ఖాదర్ వలీ," అన్నాడు వేలు తీయకుండానే, "నువ్వు వెళ్ళన్నా."

"బ్యాగు?"

"దాన్ని మా ఇంట్లో పడేసి పో."

కూతుర్ని భుజానికెత్తుకుని నడక సాగించాడు. మాట్లాడి అలవాటు లేని మనిషి. పది అడుగులు వేశాక గొంతు సవరించుకుని, "ఇది పత్తి చేను," అన్నాడు. ఇంకో పది అడుగులు వేసి, "అది ఈరయ్య బోరు. నీళ్ళు రావు." వెనక సువార్త వస్తోంది.

దేవకుమారి రిమార్కుల్లో "గుడ్డ తీసింది" అని రాసి తేదీ వేసి లోపలికి పోయింది. గోంగూర ఇంకా సగం మిగిలే ఉంది.

పదో రోజు, గురువారం పొద్దున. సువార్త పెరట్లో కూతుర్ని బండ మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని, మేస్త్రీని తిడుతూ చెంబు వంచింది.

"వేడి," అంది ఆరాధన.

సువార్త చన్నీళ్ళు కలిపింది.