సోమమ్మను ఏడిపించే పని

ఆ ఏడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో, కాలనీ క్రైస్తవ గుడి ఆడవాళ్లు మాంసం మానేశారు, టీవీ సీరియళ్లు మానేశారు. ఒకరిద్దరు చాడీలు కూడా మానేద్దామనుకున్నారు గానీ అది రెండోరోజుకే తమవల్ల కాదని తేలిపోయింది. వీటన్నిటికంటే శ్రద్ధగా పూనుకున్న పని మరొకటి ఉంది. సోమమ్మను ఏడిపించడం.

ఆ పనికి పూనుకున్నది ప్రమీలారాణి. రిటైరైన టీచరు, గుడిలో మరియమాత సంఘానికి పెద్ద. మణుగూరు బొగ్గు కాలనీలో ఎవరింట్లో పాలు విరిగినా ఆమెకు ముందు తెలియాలి. మనసు వెన్నే, కాదనలేం. కాకపోతే ఆ వెన్నను ఎదుటివాళ్లు వద్దన్నా పూసే రకం.

సోమమ్మ మొగుడు జోజయ్య భూగర్భ గనిలో సపోర్టు పని చేసేవాడు. పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. క్రిస్మస్‌కు ముందు, రెండో షిఫ్టులో ఉండగా గుండె ఆగి పోయాడు. గనిలో ఏ ప్రమాదమూ జరగలేదు. బోల్టు బిగిస్తూ బిగిస్తూ పక్కకు ఒరిగాడు, అంతే. స్ట్రెచర్ మీద పైకి తెచ్చి దవాఖానాకు తీసుకుపోయారు. పోస్టుమార్టం అయ్యాక మర్నాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చారు.

ఆ రోజు సోమమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించింది. మంచినీళ్ల డ్రమ్ము ఎక్కడుందో చెప్పింది. కూతురు హర్షిత సొమ్మసిల్లితే ముఖాన నీళ్లు చల్లింది. సమాధి తోటలో ఫాదర్ చెప్పినప్పుడు పిడికెడు మట్టి వేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది. షాకులో ఉన్నదిలే అనుకున్నారు అందరూ. క్రిస్మస్ పోయింది, సంవత్సరం మారింది, అడవిలో మోదుగలు ఎర్రబడ్డాయి. సోమమ్మ కంట చుక్క రాలలేదు.

"ఏడ్వని దుఃఖం లోపల గడ్డ కడ్తదక్కా. మా మేనత్త గట్లనే ఏడ్వక ఏడ్వక, ఒకనాడు కూసున్నకాడ్నే పోయింది" అంది కన్నమ్మ. సోమమ్మకు పక్క క్వార్టరు ఆమెది. ఆ మేనత్తకు అప్పటికి ఎనభై దాటాయన్న సంగతి మాత్రం ఎన్నడూ చెప్పదు.

"అయితే మనమే ఏడిపియ్యాలె. తపస్సుకాలం గిందుకే ఉన్నది" అని తేల్చేసింది ప్రమీలారాణి.

మొదటి ప్రయత్నం తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడే జరిగింది. సోమమ్మను లైనులో తమ మధ్య నిలబెట్టుకున్నారు. ఫాదర్ చిన్నప్ప ఒక్కొక్కరి నుదుటన బూడిద పెడుతూ, మట్టి నుంచి వచ్చావు, మట్టిలోకే పోతావని గుర్తు చేస్తున్నాడు. కన్నమ్మ అప్పుడే కళ్లు ఒత్తుకోవడం మొదలుపెట్టింది. సోమమ్మ ఆ మాట బస్సు టైము విన్నట్టు విని, తల ఊపి, పక్కకు జరిగింది.

తర్వాత శుక్రవారాలు. తపస్సుకాలం శుక్రవారాల్లో ఆ గుడివాళ్లు, యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే స్లీవమార్గం కాలనీ వీధుల్లో చేస్తారు. ముందు కొయ్య సిలువ, వెనక కొవ్వొత్తులతో జనం. ఆ దారిలోని ఒక్కో ఘట్టానికి ఒక్కో ఇంటి ముందు ఒక్కో స్థలం. అక్కడ ఆగి, మోకరించి, ప్రార్థన చెప్పి, పాట పాడి ముందుకు సాగుతారు. నాలుగో స్థలం, సిలువ మోస్తున్న కొడుకును తల్లి చూసేది, ఎన్నో ఏళ్లుగా ప్రమీలారాణి ఇంటి ముందే ఉండేది. ఈ ఏడు ఆమె దాన్ని పట్టుబట్టి సోమమ్మ గుమ్మం ముందుకు మార్పించింది.

ఆ స్థలంలో మరియమ్మ శోకం పాడతారు. పాడేవాళ్లే సగంలో ఆగిపోయేంత పాట. ఒక శుక్రవారం సాయంత్రం అడవి మీది నుంచి ఇప్పపూల వాసన వస్తోంది. ఆడవాళ్లంతా రాగం తీసి ఏడ్చారు. కన్నమ్మ కొంగు పిండితే నీళ్లు కారేలా ఉంది. సోమమ్మ మాత్రం చేతిలోని కొవ్వొత్తిని కాస్త అవతలికి వంచి పట్టుకుని నిలబడింది. మైనం కారి కన్నమ్మ చీర మీద పడుతుందేమోనని.

స్లీవమార్గం ముగిశాక గంజి కూడా ఆమె ఇంట్లోనే. ప్రమీలారాణే పెట్టించింది. సోమమ్మ అందరికీ గంజి పోసి, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు వేసి, ఉప్పు చాలిందా అని అడిగింది. అది ఉప్పు కషాయం. రెండుసార్లు వేసింది మరి. అయినా అందరూ గిన్నెలు ఖాళీ చేశారు. ఆ గంజి తాగడం కూడా తపస్సులో భాగమే అనుకున్నారు కాబోలు.

"చీమ కుట్టినట్టన్న లేదు" అంది గేటు దగ్గర ప్రమీలారాణి, ఓడిపోయిన ముఖంతో.

సిలువ మోసే చందూలాల్ మాత్రం లోపలికి రాలేదు. జోజయ్యతో ఒకే గ్యాంగులో పదిహేనేళ్లు పనిచేసినవాడు. ఆఖరిరోజు పక్కన ఉన్నదీ అతనే. ఇదివరకు వారానికి నాలుగు రోజులు ఈ ఇంట్లోనే టీ తాగేవాడు. సమాధి అయిన దగ్గర్నుంచి గుమ్మం దాటలేదు. సోమమ్మ గంజి గిన్నె బయటికే తెచ్చి ఇచ్చింది.

"లోపలికి రారాదా?"

"బూట్లున్నయి వదినా" అన్నాడు చందూలాల్, ఆమె ముఖం చూడకుండా. కాళ్లకు చూస్తే చెప్పులున్నాయి.

సోమమ్మకు అది వింతగా కూడా అనిపించలేదు. ఈ మధ్య ఏదీ ఏమీ అనిపించడం లేదు. అన్నం తింటే అన్నం తిన్నట్టు ఉండదు, పడుకుంటే పడుకున్నట్టు ఉండదు. బొగ్గు లారీలు పోతుంటే క్వార్టరు కిటికీ గలగలమంటుంది. ఆ చప్పుడు వేరెవరి ఇంట్లోనో అన్నట్టు వినబడుతుంది.

అయితే ఈ ఆడవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. వాళ్లకంటే సోమమ్మే ఎక్కువ భయపడుతోంది. గడ్డ కట్టి చస్తానని కాదు. ముప్పై ఏళ్ల కాపురం చేసిన మనిషి పోతే ఏడుపు రాలేదంటే, ఆయన మీద తనకు ప్రేమే లేదేమో, అలవాటు మాత్రమే ఉందేమోనని. ఆ అనుమానం ఒకసారి పుట్టాక వదలలేదు. కుక్కర్ కడుగుతూ ఆలోచించేది, బట్టలు ఆరేస్తూ ఆలోచించేది. లేని ప్రేమను ఉన్నదనుకుని ఇన్నేళ్లు బతికానా?

ఒక మధ్యాహ్నం ఉల్లిగడ్డలు కోస్తుంటే కళ్లు మండి నీళ్లు బొటబొటా కారాయి. సోమమ్మ కత్తిపీట పక్కకు పెట్టి ఆశగా కూర్చుంది. ఇదే దారి పట్టి అసలుది కూడా వస్తుందేమోనని ఆయన పేరు తలుచుకుంది, పెళ్లినాటి ముఖం తలుచుకుంది. కాసేపటికి మంట తగ్గింది, నీళ్లు ఆగాయి. ముక్కు చీది, మిగిలిన గడ్డలు కోసుకుంది.

చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు ఫాదర్‌కు చెప్పుకుంది.

"ఫాదర్, నాకు ఏడుపొస్తలేదు. గిది పాపమేనా?"

ఫాదర్ చిన్నప్పది మధిర వైపు. వయసు నలభై దాటలేదు. "పాపమెందుకవుతుందమ్మా? కొందరికి ఆలస్యంగా వస్తుంది."

"రాకుంటే?"

చెక్క జాలీకి అటువైపు ఫాదర్ కాస్త ముందుకు వంగాడు. "రాకపోతే రాకపోయింది. దేవుడు కన్నీళ్లు చూసి ప్రేమను లెక్కగట్టడు."

మంచి మాటే. కానీ సోమమ్మకు దేవుడితో పేచీ లేదు. జోజయ్యతోనే. ఆయన అడిగితే ఏం చెప్పాలన్నదే ఆమె బాధ, బాధ అనేది ఉంటే.

ప్రమీలారాణి ఊరుకునే మనిషా? ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం పూజ అయ్యీ కాగానే ఫాదర్‌ను పట్టుకుంది. పవిత్ర గురువారం నాడు, యేసు శిష్యులకు కడిగినట్టు, ఫాదర్ పన్నెండుమందికి కాళ్లు కడుగుతాడు గదా, అందులో జోజయ్యకు ఏటా ఒక కుర్చీ ఉండేది గదా, ఆ కుర్చీలో సోమమ్మను కూర్చోబెడితే బాగుంటుందని. మిగతా గుళ్లలో ఆడవాళ్లను కూర్చోబెడుతున్నారు, మనమే వెనకబడ్డామని కూడా ఒక వాత పెట్టింది. ఫాదర్ నసిగి, "ఆమె ఇష్టమైతే" అన్నాడు.

"అవ్, కూసుంట" అంది సోమమ్మ వెంటనే. ఆమె ఇంత తొందరగా ఒప్పుకుంటుందని ప్రమీలారాణి అనుకోలేదు. సోమమ్మ ఆశ సోమమ్మది. అక్కడన్నా రావాలి. అక్కడ కూడా రాకపోతే ఇక తనను తనే నమ్మడం కుదరదు.

గురువారం సాయంత్రం గుడి నిండిపోయింది. చర్ల వైపు అడవి గూడేల నుంచి కూడా ట్రాలీ ఆటోల్లో వచ్చారు. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వరుసగా వేశారు. కుర్చీల్లో కూర్చునేవాళ్లు కాళ్లు కడిగించుకోవడానికి కాళ్లు కడుక్కుని రావడం ఆ గుడి ఆచారం. ఫాదర్ చేతికి మురికి అంటితే మహాపాపమన్నట్టు, ఇంటి దగ్గరే సబ్బుతో తోమి, గోళ్లు తీసుకుని, ఒకరిద్దరైతే పౌడరు కూడా రాసుకుని వస్తారు. ఫాదర్ చేసేదల్లా ఒక్కొక్కరి కుడికాలి కింద పళ్లెం పెట్టి, చెంబుతో నీళ్లు పోసి, తుడిచి, ముద్దు పెట్టుకోవడం.

సోమమ్మ పక్క కుర్చీ చందూలాల్‌ది. ఏటా జోజయ్య పక్కన కూర్చునేవాడు. ఆమె వచ్చి కూర్చోగానే కొంచెం అటు జరిగాడు.

ఫాదర్ సోమమ్మ ముందు మోకరించాడు. పాటలు పాడేవాళ్ల గొంతులు తగ్గాయి. వెనక ఆడవాళ్ల వరుసలో ప్రమీలారాణి కర్చీఫు తీసి సిద్ధంగా పట్టుకుంది. గోరువెచ్చని నీళ్లు కాలి మీద పడ్డాయి. తువాలు మెత్తగా తాకింది. ఫాదర్ వంగి ముద్దు పెట్టుకున్నాడు. సోమమ్మ కళ్లు మూసుకుని లోపల వెతికింది. నీళ్లు పడ్డాయి, కాలు తడిసింది, తువాలుతో తుడిచారు. అంతే, ఇంకేం లేదు.

అయిపోయింది, అనుకుంది. ఆయన నాకేమీ కాడు.

ఫాదర్ పక్కకు జరిగి చందూలాల్ కాలు చేతిలోకి తీసుకున్నాడు. అతను పొద్దుటి షిఫ్టు చేసి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కాలు శుభ్రంగానే ఉంది. నీళ్లు పోయడానికి ఫాదర్ కాలు కాస్త ఎత్తినప్పుడు మడమ కనబడింది. పగుళ్లలో నల్లటి గీతలు. బూట్లలోకి దూరే బొగ్గుపొడి పగుళ్లలో ఇంకితే సబ్బుకు లొంగదు, నానబెట్టి రుద్ది తీయాల్సిందే. గనిలో దిగే ప్రతి మగవాడి మడమా అంతే.

ఫాదర్ తుడిచి, ముద్దు పెట్టుకుని, తర్వాతి కుర్చీ వైపు కదిలాడు. సోమమ్మ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుంది. పళ్లెం దగ్గరకు లాక్కుంది, ఫాదర్ చేతిలోని చెంబు అందుకుంది. ఏం జరుగుతోందో తెలియక ఆయన ఇచ్చేశాడు. చందూలాల్ కాలు పళ్లెంలో పెట్టుకుని బొటనవేలితో మడమ రుద్దడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు రోజూ జోజయ్యకు చేసిన పని. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. పళ్లెంలో నీళ్లు మెల్లగా నల్లబడ్డాయి.

పాట ఆగిపోయింది.

"వదినా, వద్దు" అన్నాడు చందూలాల్.

"ఆయన కాళ్లు తెల్లగ ఉండె" అంది సోమమ్మ, తల ఎత్తకుండా. "ఇంటికి తెచ్చిననాడు గుడ్డ తీసి చూసిన. బొగ్గు లేదు, ఏం లేదు. ఎవరివో కాళ్లు. ఎవరినో తెచ్చిండ్రనుకున్న." రుద్దుతూనే ఉంది. "నేను కడగకుంట తెల్లగెట్లయినయి?"

చందూలాల్ కళ్లు పళ్లెం మీదే పెట్టి చెప్పాడు.

"నేనే కడిగిన వదినా. దవాఖానాల. బొగ్గుతోని అట్లనే ఇంటికి తెస్తే నువ్వు చూసి తట్టుకోవనుకున్న. అన్న శుభ్రంగ పోవాలనుకున్న. బయట ఇటుక ముక్క దొరికితే దానితోని రుద్దిన. నీ పని నేను చేసిన. గప్పటిసంది నీ ముఖం చూడలేకపోతున్న."

సోమమ్మ చెయ్యి ఆగింది. మొదటిసారి తల ఎత్తి అతన్ని చూసింది.

"ఎడమ మడిమ గూడ రుద్దినవా?"

"అవ్."

"అది లోపలిదాక పగిలి ఉండె. చెయ్యి తగిలితె కాలు గుంజుకునేటోడు." ఆమె బొటనవేలు అతని మడమ మీదే ఉంది. "మెల్లగ రుద్దినవా?"

"మెల్లగనే రుద్దిన వదినా. నొప్పయితదని మెల్లగనే రుద్దిన."

సోమమ్మ చందూలాల్ కాలిని రెండు చేతులా పట్టుకుని, దాని మీదికి వంగిపోయింది. ఏడుపు వచ్చింది. పాటలోని శోకంలా రాగం లేదు దానికి, మాటలు లేవు. పశువు అరిచినట్టు ఉంది. గుడిలో ఎవరూ కదల్లేదు. ఫాదర్ తువాలు పట్టుకుని మోకాళ్ల మీదే ఉండిపోయాడు. తపస్సుకాలమంతా ఆ ఏడుపు కోసమే కాచుకున్న ప్రమీలారాణి అటు చూడలేక ముఖం గోడవైపు తిప్పుకుంది.