సన్న అక్షరాల దాకా

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలాయన అప్పటికే రెండో అద్దాన్ని రాయికి ఆనించి అంచులు అరగదీస్తున్నాడు. తడి రాయి గిర్రున తిరుగుతోంది. తెల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి మణికట్టు దాకా పాకుతున్నాయి. అద్దాన్ని ఫ్రేములో ఒత్తి చూడడం, పట్టకపోతే మళ్ళీ రాయి దగ్గరకు తేవడం, వెంట్రుకవాసి తీసి మళ్ళీ చూడడం. పెళ్ళి కాకముందు నుంచీ అతనికిదే పని. బొటనవేళ్ళ మీది గీతలు ఏనాడో అరిగిపోయాయి. ఫోను అతని వేలిముద్రను గుర్తుపట్టదు. "ఫోనే కాదు లెండి, మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు" అని భార్య నవ్వుతుంది.

ఆవిడ ఊరికే అనదు. అద్దాలాయన ఒక నవల రాశాడు.

రాసినంత కాలం బాగానే ఉంది. అచ్చయ్యాకే చిక్కొచ్చిపడింది. పుస్తకాల కట్టలు మంచం కింద చేరాయి. కుక్కర్లు అమ్మే బావమరిది వచ్చి, ఆ కట్టలకేసి జాలిగా చూసి హితబోధ చేశాడు. "ఎవరి డప్పు వాళ్ళే కొట్టుకోవాలి బావా. అడగందే అమ్మైనా పెట్టదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. చివర ఏమవుతుందో ఎవడికీ చెప్పకు. చెబితే ఎవడు కొంటాడు?" ఒంటరిగా బతికే మనిషికి కూడా రెండు కుక్కర్లు అంటగట్టగల ఘనుడు కాబట్టి అద్దాలాయన ఆ మాటలు బుద్ధిగా విన్నాడు.

పాపం, ప్రయత్నించాడు కూడా. పుస్తకాల ప్రదర్శనలో బల్ల వెనక నిలబడ్డాడు. ఎవరైనా ఆగితే, "చూడండి" అనబోయి నోరు పెగలక, పక్క బల్లకు వెళ్ళేవాళ్ళేమో అనుకుని జరిగి దారి ఇచ్చాడు. కూతురు ఫోనులో పుస్తకం బొమ్మ పెడితే చుట్టాలందరూ బొటనవేళ్ళు చూపించి ఊరుకున్నారు. పెద్ద బావగారు మాత్రం ఇంటికొచ్చి మరీ, "చదివానయ్యా. అట్ట అద్భుతం" అన్నారు. భార్య మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది. "తలుపు తియ్యడానికి అంత పుస్తకం ఎందుకండీ?" అని అడిగింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదనీ ఆ అన్నవాళ్ళే అన్నారు. ఏ మాట పట్టుకోవాలో అద్దాలాయనకు తెలియలేదు.

అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క దొంగపని చేశాడు. షాపులో దగ్గరి చూపు పరీక్షించే అట్ట చిరిగిపోతే, కొత్తది వేయించుకురమ్మని యజమాని అతన్ని పంపాడు. రాత ఏదైతేనేం, అక్షరాలు పైనుంచి కిందికి సన్నబడుతూ రావాలి, అంతే కావలసింది. అద్దాలాయన తన నవల మొదటి పేరా ఇచ్చి వేయించుకొచ్చాడు. "వాన వెలిసింది" అన్నది అన్నిటికంటే పైన, బండ అక్షరాల్లో ఉంటుంది. ఎవరో తలుపు తట్టడం, ఆ తట్టడం ఎవరిదో ఆమెకు తెలిసిపోవడం అంతకంటే చిన్న అక్షరాల్లో. అట్టడుగున చీమల బారులా ఉన్న వాక్యం ఇది: "ఏళ్ళ తరబడి ఆ చప్పుడు కోసమే బతికిన మనిషి, గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది."

అద్దం సరిగ్గా కుదిరినవాళ్ళే అక్కడి దాకా రాగలరు. చత్వారం వచ్చిన పంతుళ్ళు, డ్రైవర్లు, నర్సులు, పద్దులు రాసేవాళ్ళు, ఎందరో ముందు గదిలో కూర్చుని ఆ పేరా చదివారు. కూడబలుక్కుంటూ కొందరు, గడగడా కొందరు. కర్టెను ఇవతల అద్దాలాయన రాయి ఆపి చెవి ఒగ్గేవాడు. గడియ మీద చెయ్యి పడేసరికి కర్టెను దగ్గరికి జరిగేవాడు. "ఆఁ, కనబడుతోందండీ" అనేవాళ్ళు. అక్షరాలు కనబడ్డాయి గాని ఆమె ఎవరికీ కనబడలేదు. తర్వాత ఏమైందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడుగుతారేమోనని అతను ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్నాడు.

పోయిన వారం అడిగారు. బట్టలు కుట్టే ఒక పెద్దావిడ, సూదిలో దారం ఎక్కడం లేదని వచ్చింది. యజమాని భోజనానికి వెళ్ళడంతో అద్దాలాయనే అట్ట చేతికిచ్చి చదవమన్నాడు. ఆవిడ బట్ట అంచు తడిమినట్టు వేలు ఆనించి చదివింది. చివరి దాకా వచ్చి తలెత్తింది.

"తర్వాతేమైంది నాయనా? ఆ పిల్ల తలుపు తీసిందా?"

అద్దాలాయన చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు.

"అది... ఒక పుస్తకంలోదమ్మా."

"ఎవడు రాశాడో గాని మంచివాడే! మనిషిని గుమ్మంలో నిలబెట్టి పోయాడు. తీసిందా లేదా, అది చెప్పు."

తీసిందని చెబితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే బావమరిది గుర్తొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అద్దాలాయన వ్యాపారం చేశాడు. "ఇప్పుడే చెప్పేస్తే ఏం బాగుంటుందమ్మా? జోడు తీసుకోవడానికి వస్తారుగా, ఆ రోజు పుస్తకం తెచ్చిస్తాను. కొత్త అద్దాలతో మీరే చదువుకోండి."

"ఊరించి చంపుతావన్నమాట" అని నవ్వుతూ వెళ్ళింది ఆవిడ.

ఆ రోజు ఇవాళే. పొద్దున అద్దాలాయన మంచం కిందికి దూరి, కట్టలో అట్ట నలగని ప్రతి వెతికి తీశాడు. ఆవిడ పేరు అడగడం మరిచిపోయాడు కాబట్టి, మొదటి పేజీలో "తర్వాతేమైందని అడిగినావిడకు" అని రాశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. యజమాని చూసి, "ఏంటి అద్దాలాయనా, పెళ్ళిచూపులా?" అన్నాడు. "అబ్బే, ఊరికే" అన్నాడు అద్దాలాయన.

ఆవిడ జోడు ముందే సిద్ధం చేసి, మెత్తటి గుడ్డతో తుడిచిందే తుడిచి, ట్రేలో పుస్తకం మీద పెట్టాడు. పని చేస్తున్నంతసేపూ లోలోపల ఒక్క మాటే వల్లించుకున్నాడు. "నేనే రాశానమ్మా." మరీ గొప్పగా ఉందేమో. "రాసింది నేనేనమ్మా." ఇది నయం. మధ్యాహ్నం ఒక డ్రైవరు పేరా అంతా తప్పుల్లేకుండా చదివి, కనబడుతోందన్నాడు. ఆ పూట అద్దాలాయనకు ఆ మాట కష్టంగా తోచలేదు. అడిగే మనిషి ఒకరు ఉన్నారు, వస్తున్నారు. కర్టెను కదిలినప్పుడల్లా తలెత్తాడు.

పొద్దు వాలాక ముందు గదిలో ఎవరో ముసలాయన అట్ట పట్టుకుని గట్టిగా చదువుతున్నాడు. ఆయన గడియ దాకా వచ్చి ఆగాక యజమాని కేకేశాడు. "అద్దాలాయనా, బట్టలు కుట్టే ఆవిడ జోడు తీసుకురా. వచ్చారు."

అద్దాలాయన జుట్టు సవరించుకుని, ట్రే రెండు చేతులా పట్టుకుని కర్టెను దాటాడు. కౌంటరు దగ్గర నిలబడింది ఆవిడ కాదు. ఆవిడ ముక్కూ, ఆవిడ నుదురూ ఉన్న మరొకామె, చేతిలో రసీదుతో.

"మా అమ్మ చేయించమన్న జోడండీ. అమ్మ మొన్న పోయింది."

ముసలాయన అట్ట దించాడు. యజమాని "అయ్యో" అన్నాడు. అద్దాలాయన చేతుల్లో ట్రే అలాగే ఉంది.

"జ్వరమే అనుకున్నాం" అంది ఆమె. "చివరి రెండు రోజులూ ఒకటే గోల. 'తీసిందా? ఆ పిల్ల తలుపు తీసిందా?' అని. మా అమ్మాయి గురించేమో అనుకున్నాం. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టాం. తీసే ఉందమ్మా అంటే, 'అది కాదే' అని విసుక్కునేది. అప్పుడు ఏమీ అర్థం కాలేదు." ముసలాయన చేతిలోని అట్టకేసి చూసింది. "ఇప్పుడు ఈయన చదువుతుంటే విన్నాను. ఇదేనా అండీ?"

"ఇదేనమ్మా" అన్నాడు అద్దాలాయన. పొద్దుటి నుంచీ వల్లించిన మాట తనంతట తానే బయటికి వచ్చింది. "రాసింది నేనేనమ్మా."

యజమాని నోరు తెరిచాడు. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు.

"తీసిందా మరి?"

"తీసిందమ్మా. చివరి పేజీలో తీసింది. రెండు రెక్కలూ తీసింది. ఆమె అనుకున్న మనిషే వచ్చాడు."

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదండీ" అంది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నా అతను తట్టుకునేవాడు.

జోడు తీసుకెళ్ళమని యజమాని అంటే, ఆమె దాన్ని ఒకసారి ముట్టుకుని చెయ్యి తీసేసింది. "ఎవరికైనా పనికొస్తే ఇవ్వండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ అద్దాలు ఇంకెవరి చూపుకూ కుదరవని అద్దాలాయనకు తెలుసు.

వెనక గదిలోకి వచ్చి దీపం ఆర్పబోయి ఆగాడు. పుస్తకం చివరి పేజీ తెరిచి, ఆవిడ జోడు కాడలు విప్పి, తలుపు తీసిన వాక్యం మీద పెట్టాడు. అతను ఇంటికి వెళ్ళాక కూడా ఆ కళ్ళజోడు అలాగే, ఆ వాక్యం మీదే ఉండిపోయింది.