చివర నిలబడే అమలమ్మ

డబ్బాలోంచి తీసిన ఫిల్మును నతానియేలు చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి పైనుంచి కిందికి మెల్లగా ఒక్క లాగు లాగాడు. నీళ్లు బొటబొటా కారాయి. కొసకి బట్టల క్లిప్పు తగిలించి, తీగ మీద వేలాడదీసి, రెండో పట్టీ అందుకున్నాడు. నలభై మూడేళ్లుగా ఇదే వరస. ఆ మందునీళ్లకే వేళ్ల గోళ్లు గోధుమరంగు తిరిగాయి. పెళ్లిచూపులనాడు తెరేసమ్మ నాన్న ఆ గోళ్లు చూసి, "అబ్బాయి చుట్టలు తాగుతాడా?" అని మధ్యవర్తి చెవిలో అడిగాడట. తాగడు పాపం. గవర్నర్‌పేటలో ఈ ఫొటో స్టూడియోకి పంతొమ్మిదేళ్ల వయసులో ట్రేలు కడగడానికి వచ్చి, అక్కడే మీసం నెరిసినవాడు.

కృష్ణా జిల్లాలో బళ్ల గోడల మీద వేలాడే గ్రూపు ఫొటోల్లో సగం అతను తీసినవే. వుయ్యూరు, పామర్రు, మొవ్వ, ఎక్కడికెళ్లినా ఏదో ఒక గోడ మీద అతని పని ఉంటుంది. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటుంది గానీ అతని పేరు ఉండదు. ఉండాలని అతనికి తోచనూ లేదు.

రెండో పట్టీని లైటుకేసి తిప్పినవాడు అలాగే ఆగిపోయాడు.

గన్నవరం దాటాక పొలాల మధ్య ఓ చిన్న బడి ఉంది. ఆ బడి ఆయా అమలమ్మ రిటైరవుతోందని మొన్న తీసిన వీడ్కోలు ఫొటో అది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ బడి వరండాలో ఏడాదికొకటి అతను తీసిన నలుపు తెలుపు ఫొటో చేరుతోంది. ఇది కూడా ఫిల్ము మీదే తియ్యమని శాంభవి టీచరు అడిగింది. తీశాడు. తీరా చూస్తే ఫ్రేము నాలుగు మూలలూ ఎవరో గుండ్రంగా కోసేసినట్టున్నాయి. నెగెటివ్‌లో వెలుతురు పడని చోటు గాజులా ఖాళీగా ఉంటుంది. అటు చివర వేపచెట్టు లేదు. ఇటు చివర అమలమ్మ లేదు. నాలుగు ఫ్రేముల్లోనూ లేదు.

"ఓరి దేవుడా! ఎంత పని చేశాను!" అన్నాడు పైకే.

స్టూడియో యజమాని కిరీటి తొంగిచూశాడు. పాత యజమాని కొడుకు, చిన్నప్పుడు నతానియేలు సైకిలు మీద తిరిగినవాడు. భూతద్దం పెట్టుకుని నెగెటివ్ చూశాడు.

"దీనికెందుకు బాబాయ్ అంత కంగారు? రెండు పక్కలా కత్తిరించేద్దాం. టీచర్లంతా పడ్డారుగా."

"ఫొటో ఎవరికోసం తీశామో ఆవిడే లేదు కదయ్యా!"

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి అప్పటికే అర్థమైంది. బుడమేరు వరదలో సింగ్‌నగర్ ఇల్లు నాలుగు రోజులు మునిగింది. తెరేసమ్మ బియ్యం డబ్బానీ, బైబిలునీ అటకెక్కించింది గానీ మంచం కింద లెన్సుల పెట్టె సంగతి మరిచిపోయింది. పాత లెన్సులన్నిటికీ బూజు పట్టింది. ఇప్పటికీ ఆ మాటెత్తితే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, "పోనీలేవే, అన్నం పెట్టేది బియ్యమేగా" అని అతను నవ్విస్తాడు. స్టూడియోలో ఉన్న ఫిల్ము కెమెరా ఒక్కటే బతికింది. దానికి కిరీటి దగ్గరున్న డిజిటల్ జూమ్ లెన్సు తనే తగిలించాడు. బిగుసుకుంది కదా, సరిపోయిందనుకున్నాడు.

ఆ లెన్సు చిన్న సెన్సరు ఉన్న కెమెరాల కోసం చేసింది. అది లోపల వేసే వెలుతురు వలయం చిన్నది. ఫిల్మంత సెన్సరున్న కిరీటి కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి తగిలించినా ఇన్నాళ్లూ తేడా తెలియలేదు. ఆ కెమెరా గడుసుది, లెన్సుని గుర్తుపట్టి అంచులు వదిలేసి మధ్య ముక్కే తీసుకుంటుంది. పాత కెమెరాకి ఆ తెలివెక్కడిది? పడినంత మేర పట్టుకుంది, పడనిది వదిలేసింది.

అసలు సిగ్గుచేటు సంగతి వేరే ఉంది. కెమెరాలోంచి చూసినప్పుడు అంచులు మసకగా కనిపించాయి. కనిపించాయి గానీ, ఏడాది కిందట శుక్లం తీయించుకున్న కన్ను కదా, మసక కంటిదేనని సర్దుకుపోయాడు. అలా సర్దుకోవడం అతనికి కొత్త కాదు.

శాంభవి టీచరుకి ఫోను చేశాడు. "టీచరుగారూ, నా వల్ల పొరపాటు జరిగిందండి. మళ్లీ తియ్యాలి."

"అయ్యో! అమలమ్మ ఇవాళే వెళ్లిపోతోంది సార్. నాలుగున్నరకి నూజివీడు బస్సు. అక్కడ చెల్లెలి దగ్గర ఉంటుందట."

"నాలుగున్నరలోపే వస్తానండి."

ఈసారి కంటిని నమ్మదలుచుకోలేదు. ఖాళీ కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే చోట బటర్ పేపరు ముక్క పరిచాడు. షట్టరు తెరిచిపెట్టి కిటికీకేసి గురిచూశాడు. కాగితం మీద వెలుతురు అప్పడంలా గుండ్రంగా పడింది. జూమ్ రింగు తిప్పుతూ పోతే అప్పడం పెద్దదవుతోంది. రింగు మీద ఇరవై ఎనిమిది అంకె దగ్గర మూలలు ఇంకా బూడిదరంగుగానే ఉన్నాయి. ముప్పై ఐదుకి తిప్పేసరికి కాగితం అంచుల దాకా నిండింది. ఆ అంకె దగ్గర రింగు కదలకుండా టేపు చుట్టేశాడు.

"కానీ ఇప్పుడు చాలా వెనక్కి జరగాలి. లేకపోతే అందరూ పట్టరు" అన్నాడు కిరీటితో.

"దీన్తో ఎండ కూడా బాగా కావాలిగా బాబాయ్?"

"కావాలి. వెలుతురు ఎంత రావాలో సరిచేసే రింగు దీనికి లేదు, ఈ పాత కెమెరాలో లెన్సు తన కన్ను సూదిబెజ్జమంత చేసుకుంటుంది. వస్తా, నాకు టైము లేదు."

బస్సు రామవరప్పాడు దగ్గర ఇరుక్కుపోయి అరగంట తినేసింది. అతను సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆకాశంలో మబ్బులకేసి అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. అమలమ్మంటే అతనికి మొదట్నుంచీ జాలి. ఏ ఏడు ఫొటో చూసినా చివర్నే ఉంటుంది. ఒకసారైనా ఎవరూ కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు, తనకూ ఆ బుద్ధి పుట్టలేదు. ఈ వేళ నడిమధ్యన కూర్చోబెట్టే తియ్యాలనుకున్నాడు.

బడికి చేరేసరికి మూడున్నర దాటింది. పరీక్ష పేపర్లు దిద్దుతున్న టీచర్లు "మళ్లీనా!" అని సణిగారు. శాంభవి బతిమాలి అందరినీ ఎండలోకి తెచ్చింది. అమలమ్మ సంచీ సర్దేసుకుని, ఉతికిన నేతచీర కట్టుకుని, అప్పటికే వరండా మెట్ల మీద ఉంది.

"మొన్న నా పొరపాటు వల్ల మీరు ఫొటోలో పడలేదమ్మా. నన్ను క్షమించాలి" అన్నాడు నతానియేలు.

"అంతేనా! నేనేదో కొంపలు మునిగాయనుకున్నా" అని ఆమె నవ్వింది.

"ఇదిగో, ఈసారి మధ్యలో కూర్చోవాలి మీరు."

ఆమె వద్దు వద్దంటూనే కుర్చీ అంచున కూర్చుంది. అతను కెమెరా ఎత్తాడో లేదో, విమానాశ్రయం వైపు నుంచి ఓ విమానం పొలాల మీదుగా దడదడమంటూ లేచింది. అంతే, చిన్నపిల్లల వరస చెదిరిపోయింది. భానుశ్రీ అనే ఒకటో తరగతి పిల్ల "ఇమానం! ఇమానం!" అని అరుస్తూ గేటుకేసి పరుగెత్తింది. గేటు అవతల రోడ్డు. ఎవరూ కదలకముందే అమలమ్మ కుర్చీలోంచి లేచి, నాలుగంగల్లో వెళ్లి పిల్లని రెక్క పట్టుకుంది.

"చూశారా బాబూ? ఈ బడిలో ఫొటో అంటే ఇదే తంతు. గేటు వైపు చివర నేనుంటేనే వీళ్లు ఆగుతారు. మధ్యలో కూర్చుంటే నా మనసు ఇటే లాగుద్ది. ఆ మొహం ఫొటోలో ఏం బాగుంటుంది?"

నతానియేలు కెమెరా దించాడు. ముప్పై ఒక్క ఏళ్లు జాలిపడ్డాడే, ఒక్కనాడైనా ఎందుకమ్మా అక్కడ నిలబడతావని అడిగిన పాపాన పోలేదు. చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే ఎందుకో గుండె తేలికపడింది.

"అయితే మీ చోట మీరే ఉండండమ్మా. నేనే వెనక్కి జరుగుతాను."

జరిగాడు. కుళాయి దాటాడు. గోడ అడ్డొచ్చింది. గేటు బార్లా తీయించి, కాలవ దాటి, రోడ్డుకి అవతల గట్టెక్కాడు. ఓ ట్రాక్టరు పోయేదాకా ఆగాడు. మబ్బు జరిగింది. తెరిచిన గేటులోంచి వరస మొత్తం కనిపిస్తోంది, చివర అమలమ్మ, ఆమె గుప్పిట్లో భానుశ్రీ చెయ్యి. ఈసారి అంచుల్లో మసక లేదు. మూడుసార్లు నొక్కాడు.

నూజివీడు బస్సు చెప్పిన టైముకే వచ్చింది. పిల్లలు కుళాయి దగ్గర నీళ్లకోసం తోసుకుంటున్నారు. ఏడుపులవుతాయని చెప్పకుండానే వెళ్లాలని ఆమె ముందే అనుకుందట. సంచీ చంకన పెట్టుకుని మెట్టెక్కుతూ, "ఫొటో నాకొద్దులెండి, ఆ గోడకే పెట్టండి" అంది. అతను తలూపాడు. బస్సు కదిలింది.

ఆ సాయంత్రం ఫిల్ము కడిగి, తడి తడిగానే లైటుకి పట్టుకున్నాడు. నాలుగు మూలలూ నిండుగా ఉన్నాయి. వేపచెట్టు ఉంది, అమలమ్మ ఉంది.

"పడిందా బాబాయ్?" అన్నాడు బయటినుంచి కిరీటి.

"పడిందిరా! పడింది" అన్నాడు. ఏనాడూ యజమానిని 'రా' అనని మనిషి.

మర్నాడు మధ్యాహ్నం ఫ్రేము కట్టించి తనే తీసుకెళ్లాడు. శాంభవి స్టూలెక్కి గోడకి తగిలించింది. అన్నం గంట కొట్టడానికి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, పదినిమిషాలు ఆలస్యంగా ఓ టీచరే వెళ్లి కొట్టింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. భానుశ్రీ ఫొటో కింద నిలబడి తనని తాను వెతుక్కుంటోంది. యూనిఫాం గౌను భుజం పట్టీ ఒకవైపు ముడతపడి పైకి లేచి ఉంటే, నతానియేలు వంగి సరిచేయబోయాడు.

"దాన్ని ముట్టుకోమాకు. గుండీ ఊడితే అమలమ్మ పెట్టింది, నిన్న" అంది పిల్ల, భుజానికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చిన్నచిన్న వేళ్ల సందుల్లోంచి, గుండీ ఉండాల్సిన చోట, గుచ్చుకోకుండా మొన బట్ట మడతలోకి దూర్చి పెట్టిన పిన్నీసు కనిపించింది.