దారి చీటీ

పాత క్యాలెండరు చీటీలు చింపి, ఖాళీగా ఉన్న వెనకవైపు పైకి వచ్చేలా బల్లమీద పరిచాడు రామ్మూర్తి. ఎగిరిపోకుండా గులకరాయి దగ్గర పెట్టుకున్నాడు. చోడవరం కోర్టు ఎదురుగా రేకుల షెడ్డులో ముప్పయ్యెనిమిదేళ్లుగా ఆయన టైపిస్టు. మొదట మిషను, ఇప్పుడు కంప్యూటరు. చొక్కా కాలరు చిరిగినా పట్టించుకోడు గానీ, పేరాకు నెంబరు లేకపోతే ఊరుకోడు. పొద్దున్నుంచి గుండెల్లో బరువుగా ఉంటే గ్యాసే అనుకుని సోడా తెప్పించుకున్నాడు.

ఎదురుగా వడ్డాది దగ్గరి రైతు అచ్చియ్యమ్మ, పక్కన ఆమె వకీలు కీర్తి. కీర్తి ప్రాక్టీసు పెట్టి ఏడాది కాలేదు. అచ్చియ్యమ్మ చెరకు తోటకున్న ఒక్క బండిదారికీ మరిది అడ్డంగా ముళ్లకంచె వేసేశాడు. సోమవారం చెరకు కొట్టి తోలమని ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డరు వచ్చింది. ఆరోజు బండి కదలకపోతే ఏడాది కష్టం ఎండుపుల్లలే. కీర్తి రాసిన పదకొండు పేజీల దావా కోర్టు ఆఫీసు నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. రాదా మరి! అత్త చావు, పెళ్లినాటి తగవు, మరిది తాగుడు, అన్నీ దాటుకుని వెళితే దారి తొమ్మిదో పేజీలో కనిపిస్తుంది.

“ముందు నీకేటి కావాలో సెప్పమ్మా,” అన్నాడు రామ్మూర్తి.

“మా అత్త పోయిన ఏడు...”

“అది తరవాత. ఏటి కావాల?”

“దారి కావాల బాబూ.”

ఆ మాట మొదటి చీటీ మీద రాసి పక్కన పెట్టాడు. తర్వాత ఒక్కో సంగతికి ఒక్కో చీటీ. కంచె ఎప్పుడు వేశాడంటే గౌరమ్మ పండగ మరునాడంది. ఈ ఊళ్లలో తగవులన్నీ పండగల లెక్కనే గుర్తుంటాయి, కోర్టుకేమో తేదీ కావాలి. గోడమీది క్యాలెండరు తిరగేసి ఆ తేదీ పట్టుకున్నాడు. మామగారి కాలం నుంచీ ఆ దారినే బండి తోలారన్న చీటీ పైన, కంచె చీటీ కింద, అడగబోతే మరిది కర్ర ఎత్తాడన్నది దాని కింద. తాగుడు చీటీ పక్కకు నెట్టేశాడు. మరిది తాగుడు గురించి చెప్పుకుంటే ఆమెకు మనసుబరువు తీరుతుంది, పాపం. కానీ దానికీ దారికీ సంబంధం లేదు.

వారంరోజులు కూర్చుని రాసిన పేజీలు పోతుంటే కీర్తి మొహం చిన్నబోయింది. రామ్మూర్తికి జాలేసింది.

“మీరు రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ నేదు మేడమ్. జడ్జిగారికి ఈవిడ ఊరు తెలీదు కదా. సెయ్యట్టుకుని ఆ దారంట నడిపించాల.”

మూడు గంటలకు నాలుగు పేజీలు తయారయ్యాయి. కోరిక చివర్నే ఉంది గానీ ప్రతి పేరా దానివైపే నడుస్తోంది. ఈసారి కోర్టు ఆఫీసులో దావాకి అప్పటికప్పుడే నెంబరు పడింది.

సాయంత్రం కె.కోటపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు రామ్మూర్తి. ఊరొచ్చిందని కండక్టరు తట్టి లేపితే లేవలేదు.

శుక్రవారం కంచె తీయమని ఆర్డరొచ్చింది. సోమవారం చెరకు బళ్లు కదిలాక అచ్చియ్యమ్మ తిన్నగా షెడ్డుకొచ్చింది. ఖాళీ కుర్చీ పక్కన కీర్తి నిలబడి ఉంది. సంగతి విని అచ్చియ్యమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది.

“నన్నొక్క మాట పూర్తిగా సెప్పనివ్వనేదు. దారి మాత్రం తెచ్చిపెట్టేడు.”

బల్లమీద గులకరాయి కింద మొదటి చీటీ అలాగే ఉంది, దానిమీద సోడా గ్లాసు గుండ్రటి మరక.