నట్టుకు చోటు లేదు

మార్చి తొమ్మిదో తారీకు. ఆ పొద్దున అన్నదమ్ములిద్దరూ సైకిల్ షాపు గుమ్మంలో కూర్చుని ఉడకబెట్టిన చిలగడదుంపలు తిన్నారు. వేడి దుంప అన్న నాలుక కాల్చింది. "ఊరందరి సైకిళ్లకీ గాలి కొడతావు, దుంపకి రెండు ఊదులు ఊదలేవా?" అని తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఆ మధ్యాహ్నమే అతను మందుల షాపుకి బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు.

అక్షరాలు రాసే చేతులకి ఏమీ కాలేదు. అంతవరకు నయం. నడుము దగ్గర నరం దెబ్బతిని ఎడమ కాలు చచ్చుబడింది. ఆస్పత్రి వరండాలో డాక్టరు అన్నను పక్కకు పిలిచి ఆ కాలు ఇక రాదన్నాడు. మెల్లిగా మీరే చెప్పండి అన్నాడు. అన్న మంచం దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు దుప్పటికేసి చూస్తూ, కింద వేళ్లు కదులుతున్నాయేమోనని వెతుకుతున్నాడు.

"ఏమన్నాడన్నా?"

"ఆర్నెల్లు ఓపిక పట్టమన్నాడు. పరిగెడతావురా నువ్వు."

భార్య పోయాక అన్నకు నా అనేవాడు ఆ తమ్ముడొక్కడే. ఆ రోజుకి నోరు రాలేదు, రేపు చెబుదామనుకున్నాడు. కానీ నిజాన్ని ఒకసారి వాయిదా వేస్తే అబద్ధం అద్దెకున్నవాడిలా ఇంట్లోనే తిష్ట వేస్తుంది. కనపడినప్పుడల్లా "ఇంకాస్త వేడినీళ్లు పోసి రుద్దు, వచ్చేస్తుంది" అనడమే అలవాటైపోయింది. వేసవిలో స్టిక్కర్ల షాపువాడు అక్షరాలు కత్తిరించే పని ఇస్తానని, కూర్చుని చేసుకోవచ్చని కబురు పెట్టాడు. తమ్ముడు వచ్చి సలహా అడిగాడు. "నిచ్చెనలెక్కేవాడివి, కాలొచ్చేలోపు కుర్చీకి అతుక్కుపోతావా?" అన్నాడు అన్న. ఆ మాట నమ్మి తమ్ముడు వద్దనేశాడు. ఆ కుర్చీలో వేరేవాడు కూర్చున్నాడు.

ఇప్పుడు వంతెన అవతల ఫ్యాక్టరీలో పీపాల మీద నంబర్లు రాసే పని దొరికింది. సోమవారం చేరకపోతే అదీ పోతుంది. ఆదివారం పొద్దున్నే తమ్ముడు తన పొట్టి సైకిలునే చేతికర్రలా ఆనుకుని, కాలీడ్చుకుంటూ షాపుకి వచ్చాడు.

"దీనికి ఇంజిను కిట్టు పెట్టు. పెడళ్లు మాత్రం ఉంచు. కాలుకి పని చెప్పాలని నువ్వే అంటావుగా."

అన్న ఫ్రేము చూసి తల గోక్కున్నాడు. "ఇది పొట్టిదిరా. ఇంజిను పట్టడం కష్టం."

"నేనూ పొట్టివాణ్ణే. మా ఆవిడ గుండెల్లో పట్టలేదా?"

మధ్యాహ్నం దాకా అన్న చెమటలు కక్కాడు. పై కమ్మీకి ప్లగ్గు కొట్టుకుంటుంటే పాత ట్యూబు ముక్క వేసి ఇంజినుని వాల్చాడు. వాలిస్తే కార్బురేటర్ సీటు కమ్మీకి తగిలింది. దాని మెడ పక్కకి తిప్పాడు. చివరికి చూపుడువేలు కూడా దూరని సందుల్లో ఇంజిను కుదురుకుంది. అప్పుడు ఎడమ పెడల్ తిప్పితే దాని క్రాంకు ఇంజిను మూతకి టక్కున తగిలి ఆగిపోయింది.

ఎర్రగా కాల్చి క్రాంకు బయటికి వంచాడు. తగలకుండా తిరిగింది కానీ పెడల్ బాగా ఎడంగా పోయింది. తమ్ముణ్ణి సీటెక్కించి, వెనక స్టాండు మీదే తొక్కమన్నాడు. కుడికాలు తొక్కింది. ఎడమ పాదం పెడల్ మీంచి జారి ఆ పక్కనే తిరిగే ఇంజిను చైను మీద పడబోయింది. అన్న చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. చైను వేళ్ల మీద చర్మం లేపింది. పాదానికి ఏమీ కాలేదు.

"సరే, ఈ పెడల్ తీసెయ్" అన్నాడు తమ్ముడు, అన్న వేళ్లకి గుడ్డ చుడుతూ. "పాదం పెట్టుకోడానికి ఓ కమ్మీ ముక్క బోల్టుతో బిగించు. కాలొచ్చాక విప్పేద్దాం."

అన్న వంగి చూశాడు. వెనక కమ్మీ పక్కన ఇంజిను చైను. ముందు కమ్మీని ఆనుకుని ఇంజిను. కింద నుంచీ పక్క నుంచీ వేలు పెట్టి తడిమాడు.

"నట్టుకి చోటు లేదురా. వెల్డింగ్ చెయ్యాల్సిందే."

"చేస్తే ఇక ఈ పక్క పెడల్ మళ్లీ పెట్టినా తిరగదుగా?"

"తిరగదు."

"పోనీలే. కాలొచ్చాక కోసేద్దాం. అంతేగా?"

ఊ అంటే చాలు. ఇన్నాళ్లూ అన్నవాడే.  అన్న చేతిలో పానా పట్టుకుని దాని పళ్లు చూస్తూ నిలబడ్డాడు.

తమ్ముడి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అన్నా. డాక్టరు నీతో ఏమన్నాడు?"

"...రాదన్నాడు."

"ఎప్పుడు?"

"ఆ రోజే."

వీధిలో ఎవరో బెల్లు కొట్టుకుంటూ పోయారు. తమ్ముడు తన మోకాలి మీద చెయ్యి వేసుకుని, పరాయివాడి వస్తువేదో ముట్టుకున్నట్టు వెంటనే తీసేశాడు.

"పొద్దున్నే లేచి వేడినీళ్లు పెట్టేది మా ఆవిడ. నేను రుద్దుకుంటుంటే వేళ్లు కదిలాయేమో చూడమనేవాణ్ణి. కదిలాయనేది పాపం. స్టిక్కర్ల షాపు వద్దన్నాను, నీ మాట మీద."

"నువ్వు కుంగిపోతావని..."

"నేను కుంగితే నువ్వు చూళ్లేవు. అదీ సంగతి. నీ గుండె కోసం నా రోజులు ఖర్చుపెట్టావు." పళ్లు బిగించి నవ్వాడు. "నీ మీదికి లేద్దామంటే నాకు మిగిలిందే ఒంటికాలు. కానియ్, చెయ్యి వెల్డింగ్. రేపు పనిలో చేరాలి."

షాపులో ఉన్నవి ఒకే జత నల్లద్దాలు. అన్న వాటిని తమ్ముడికిచ్చాడు. తమ్ముడు వాటిని తిరిగి అన్న కళ్లకే తగిలించాడు. "నీ కళ్లు పోతే ఆ పాపం కూడా నాకెందుకు?" అని, పటకారుతో కమ్మీ ముక్క పట్టుకుని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. వెలుగు ఆరేదాకా పటకారు కదలనివ్వలేదు.

చల్లారాక పాదాన్ని చేత్తో ఎత్తి ఆ కమ్మీ మీద పెట్టుకున్నాడు. అన్న వెనక నుంచి తోశాడు. క్లచ్చు వదలగానే ఇంజిను అందుకుంది. ఎప్పుడూ "వస్తానన్నా" అనేవాడు, వెనక్కి చూడకుండానే "పోతున్నా" అన్నాడు.

చీకటి పడుతుంటే మరదలు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఇల్లు చేరాడు బావగారూ. మీరు కంగారు పడుతుంటారని."

"ఏమైనా అన్నాడా?"

"ఇంజిను బాగా కుదిరిందన్నాడు."

"నా గురించి?"

ఆమె చెంగు వేలికి చుట్టుకుంది. "ఇక అటు గడప తొక్కొద్దన్నాడు, నన్ను కూడా."

"మరి వచ్చావేంటమ్మా?"

"వేళ్లు కదిలాయని నేనూ అన్నానుగా. ఆ సంగతి ఇంకా నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు."

 వాడు వెతుక్కోకముందే వెళ్లమ్మా అన్నాడు అన్న. ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, లోపల గడియ పెట్టుకున్నాడు.